బుచ్చయ్య కట్టిన వంద

నూజివీడు నుంచి రెడ్డిగూడెం దాకా దారికి అటూ ఇటూ ఎన్ని మామిడి తోటలున్నాయో, అన్నీ గాలించినా మా బుచ్చయ్యలాంటి లెక్కగాడు దొరకడు. చెట్టు కింద నిలబడి, తలపాగా వెనక్కి తోసి, ఒక్కసారి పైకి చూశాడంటే చాలు, ఆ చెట్టుకి ఎన్ని కాయలున్నాయో చెప్పేసేవాడు. ఒక్క కాయ తేడా రాదు. ఆకు చాటున నక్కిన పిందెని కూడా వదిలేవాడు కాదు. ఆయన చూపు పడి కొన్ని కాయలు సిగ్గుతో ఎర్రబడ్డాయని కూడా చెప్పుకుంటారు గాని, అంత దూరం నేను పోను. ఒక్క కాయ తేడా రాదు. అంతవరకు పూచీ నాది.

అలాంటివాడి కూతురు నాగమణి. మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, అంటే ఎనభై ఆరులో, మా తోట కూలీల ఇళ్లలోంచి టీచర్ ట్రైనింగ్‌కి వెళ్లిన మొదటి పిల్ల. చదువు అయిపోవచ్చింది, ఇక మిగిలింది ఆఖరి పాఠం ఒక్కటే. పల్లెటూరి బళ్లో, నిజం పిల్లల ముందు, లెక్చరర్ వెనకాల కూర్చుని చూస్తుండగా ముప్పావుగంట పాఠం చెప్పాలి. దానికి వంద మార్కులు. యాభై రాకపోతే మళ్లీ ఏడాది. ఇంకో ఏడాది చదివించడం తన వల్ల కాదని బుచ్చయ్య ఏనాడూ అనలేదు. అనకపోయినా నాగమణికి తెలుసు.

ఆ లెక్చరర్ ప్రమీలారాణిగారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ట్రైనింగ్ స్కూల్లో ఇద్దరే ఉన్నారట. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు నమ్మరు.

"కొన్న చార్టు ఒక్కటి కనబడినా పది మార్కులు కోసేస్తాను," అని ఆవిడ ముందే చెప్పేశారు. "రేపు మీరు పోయే బళ్లలో సుద్దముక్కకే దిక్కుండదు. మీ చుట్టుపక్కల ఉచితంగా ఏమేం దొరుకుతాయో వెతకండి. దొరికింది పాఠానికి పనికొస్తుందో లేదో పిల్లల దగ్గర పెట్టి చూడండి. ప్రతిదీ రికార్డులో రాయండి. వస్తువు పేరు, ఎక్కడ దొరికింది, ఖర్చెంత. ఆ మూడో గడిలో సున్నా ఉండాలి."

నాగమణి పదిహేను పైసల కార్డులు ఒక కట్ట కొంది. కార్డు ఖర్చు లెక్కలోకి రాదని తనకి తనే నచ్చజెప్పుకుంది. ఎరువుల కంపెనీకొకటి, పురుగుమందుల కంపెనీకొకటి, ఆరోగ్య కేంద్రానికొకటి, రేడియోవాళ్లకొకటి. అందరికీ ఒకటే మాట. 'అయ్యా, నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. మీ దగ్గర బడిపిల్లలకి పనికొచ్చే బొమ్మలూ పటాలూ ఉచితంగా ఇచ్చేవి ఏవైనా ఉంటే పంపగలరు.'

పంపారండీ! ఒకటా రెండా! పోస్టుమాన్ వీరయ్య సైకిలు దిగి, చెమట తుడుచుకుని, "ఏంటమ్మా మణీ, ఊరంతటికీ కలిపి వారానికి నాలుగు ఉత్తరాలొస్తే గొప్ప. నీ ఒక్కదానికే ఆరు చుట్టలొచ్చాయి. ఎవరన్నా మంత్రి పదవి ఇస్తున్నారా?" అన్నాడు.

ఆఖరి పాఠం చెప్పాల్సింది మా ఊరి బళ్లోనే. హెడ్మాస్టరు యలమంద మాస్టారు మంచివాడు. మూడో తరగతిని రెండు వారాలపాటు ఆ పిల్లకి అప్పజెప్పేసి, "నీ ఇష్టమమ్మా, పిల్లల్ని మాత్రం మళ్లీ లెక్క ప్రకారం ఒప్పజెప్పు," అన్నాడు.

మొదట పురుగుమందుల కంపెనీవాళ్ల బొమ్మ తగిలించింది. మామిడి పూతని పీల్చేసే తేనెమంచు పురుగు నిజానికి బియ్యపు గింజంత ఉంటుంది. బొమ్మలో పిల్లంత వేశారు, ఆరు కాళ్లూ మీసాలతో సహా. ఆ పూటంతా ఒక్కడూ గోడ వైపు తిరిగి కూర్చోలేదు. రెండు రోజులు ఎవరూ చెట్టు నీడకి పోలేదు. రికార్డులో రాసుకుంది, ఖర్చు సున్నా, ప్రయోజనం స్వల్పం.

తర్వాత ఆరోగ్య కేంద్రంవాళ్లది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు నవ్వుతూ నిలబడ్డ బొమ్మ. కూడికకి బాగుంటుందనుకుంది.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారు?"

లేయా చెయ్యెత్తింది. ప్యాకింగ్ దగ్గర కాయలు గంపలకెత్తే మగ్దలేనమ్మ కూతురు. ఎనిమిదేళ్లది, నోరు మాత్రం పదహారేళ్లది.

"నాయనమ్మ ఏది టీచర్?"

"నాయనమ్మ ఊరెళ్లింది. ఉన్నవాళ్లని చెప్పు."

"మరి మిగతా పిల్లలో? వాళ్లు కూడా ఊరెళ్లారా?"

ఆ చుట్ట కూడా చుట్టేసింది.

ఇక రేడియో. బడిపిల్లల కార్యక్రమం ఏ రోజు ఏ వేళకి వస్తుందో చక్కగా అచ్చేసి పంపారు. సర్పంచిగారింటి రేడియో అడిగి తెచ్చి బల్ల మీద పెట్టింది. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "పిల్లలూ! మూడూ అయిదూ కలిపితే ఎంత?" అనడిగింది రేడియోలో అక్కయ్య. పిల్లలింకా వేళ్లు మడుస్తూనే ఉన్నారు. "శభాష్! చాలా బాగా చెప్పారు!" అనేసింది.

లేయా నోరు తెరిచింది. "మనం ఇంకా చెప్పలేదు కదా టీచర్. మరి శభాష్ ఎవరికి?"

నాగమణి మీట తిప్పి ఆపేసింది. రేడియో తిరిగి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు తల పట్టుకుని కూర్చుంటే బుచ్చయ్య తోట నుంచి వచ్చాడు. చేతుల నిండా సొన కాలిన నల్ల మచ్చలు. కాయ కోసినప్పుడు తొడిమలోంచి చిమ్మే ఆ జిగట పాలు పడ్డచోటల్లా చర్మం మాడుతుంది. ముప్పై ఏళ్ల మచ్చలు మరి, కొత్తవేవో పాతవేవో ఆయనకే తెలీదు.

"ఏంటమ్మా మణీ, అట్టా ఉన్నావ్?"

"ఇన్ని రకాలు తెప్పించాను నాన్నా. ఒక్కటీ పనికి రాలేదు. పిల్లలకి వెయ్యి అంటే ఎంతో కళ్లతో చూపించాలి. చేత్తో పట్టుకునేట్టు ఉండాలి. వెయ్యి కావాలి, డబ్బు పెట్టకూడదు."

బుచ్చయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తాండ్ర పోసేవాళ్ల పాక వెనక టెంకల గుట్ట ఉంది కదే! కిందటేడువి. ఎండి గలగలలాడుతున్నాయి. ఎవరూ అడగరు, తీసుకుపోతే దణ్ణం పెడతారు."

నాగమణి లేచి నిలబడింది. "వందేసి చొప్పున పది సంచులు కట్టగలవా నాన్నా?"

"నన్నా అడుగుతున్నావు?" అన్నాడు బుచ్చయ్య. ఆ మాటలో ఉన్న గర్వం తూచితే పెద్దరసాల గంపంత ఉంటుంది.

రెండ్రోజులు పని నుంచి రాగానే అదే పని. టెంకలు ఏరి, కడిగి, పీచు గీరి, ఆరబెట్టి, పాత గోతాలు కోసి కుట్టిన సంచుల్లో లెక్కపెట్టి పోసి మూతులు కట్టాడు. ఎడమ చేత్తో రెండు, కుడి చేత్తో రెండు, మొత్తం నాలుగు ఒక పుంజీ. మొదటి పుంజీని ఒకటి అనకుండా 'లాభం' అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు, అట్టా పాడుకుంటూ పోతాడు. నాగమణి పుట్టిన దగ్గర్నుంచీ ఆ పాట వింటూనే ఉంది. అందుకే ఆ రెండు రోజులూ కూడా విననట్టే విని, తన పాఠం తను రాసుకుంది.

పరీక్ష రోజు ఏప్రిల్లో, ఒంటిపూట బడి. పొద్దున్నే బుచ్చయ్య పని మానుకుని, సంచులు కావిడిలో వేసుకుని బడికి మోసుకొచ్చాడు. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, సొన మరకల చొక్కా. నాగమణి ఒకసారి రోడ్డు వైపు చూసింది, ఒకసారి తండ్రి చొక్కా వైపు చూసింది.

"నాన్నా, సంచులు లోపల పెట్టేసి నువ్వింక వెళ్లు. మేడమ్‌గారు వస్తారు."

"ఆఁ, పోతాలే," అన్నాడు గాని, వరండా చివర స్తంభం చాటున కూలబడ్డాడు. ఆ స్తంభం సన్నది, మనిషి సగం బయటికే ఉన్నాడు. నాగమణి చూసింది. అప్పటికే ప్రమీలారాణిగారు గేటు దాటి వచ్చేస్తున్నారు, ఎదురెళ్లి నమస్కారం పెట్టింది.

పాఠం మొదలైంది. ఒక టెంక పట్టుకుని ఒకటి అంది. పది కలిపి వరస పేర్చి పది అంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. సంచి ఎత్తి, "ఇందులో వంద ఉన్నాయి. ఇట్లాంటివి పది సంచులు కలిపితే?" అంది. "వెయ్యీ!" అని కప్పు ఎగిరిపోయేట్టు అరిచారు. వెనక బెంచీ మీద మేడమ్‌గారి ఎర్ర పెన్ను కదల్లేదు. అంటే బాగుందన్నమాట.

అప్పుడు ప్రమీలారాణిగారు నోరు విప్పారు. "వంద ఉన్నాయని మీరు చెప్పారు, పిల్లలు నమ్మారు. లెక్కపెట్టించండి. మూడు వరసలకీ మూడు సంచులివ్వండి."

"అలాగే మేడమ్," అంది నాగమణి. ధైర్యంగానే అంది. కట్టింది బుచ్చయ్య కదా!

మొదటి రెండు వరసలవాళ్లూ రెండు చేతులా తీసి పుంజీల కింద లెక్కపెట్టి, "వంద సరిపోయింది టీచర్!" అన్నారు. లేయా మాత్రం టీచర్ నేర్పినట్టు పదేసి పదేసి వరసలు పేర్చింది. పది వరసలయ్యాయి. ఇంకా దాని చేతిలో టెంకలున్నాయి.

"నాలుగు మిగిలాయి టీచర్."

"మళ్లీ చూడమ్మా."

మళ్లీ చూసింది. "నాలుగే టీచర్." అంతటితో ఊరుకోకుండా పక్క వరసల కుప్పలు కూడా లాక్కుని పదేసి పేర్చేసింది. "దీన్లోనూ నాలుగు! ఇదిగో, దాన్లోనూ నాలుగే!"

ఎర్ర పెన్ను మూత తీసిన చప్పుడు గది మొత్తానికీ వినబడింది.

నాగమణి మిగతా ఏడు సంచుల వైపు చూసింది. మూడు సంచుల్లోనూ తప్పయితే పదింటిలోనూ తప్పే. ఆఖరి పాఠం, తప్పుడు లెక్కతో. మళ్లీ ఏడాది! ఏం చెప్పాలి? పిల్లలు పొరపాటుగా కలిపేశారనాలా? లేయా తన వైపే చూస్తోంది, శభాష్ కోసం.

"మిగలడమేంటి పాపా!" అని వరండాలోంచి గొంతు వినబడింది. "అది కొసరు!"

ప్రమీలారాణిగారు తల తిప్పారు. "ఎవరతను?"

బుచ్చయ్య గబుక్కున స్తంభం వెనక్కి జరిగాడు, కనబడకపోతే అన్న మాట కూడా వెనక్కి పోతుందన్నట్టు.

ఆ ఒక్క క్షణంలో నాగమణికి అంతా తెలిసిపోయింది. మామిడికాయలకి వంద అంటే పాతిక పుంజీలు, ఆ పైన ఒక పుంజీ కొసరు. నూట నాలుగు. తోటలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి, తనకీ తెలుసు. పుస్తకాల్లో పడి మరిచిపోయింది. నాన్న తప్పు లెక్కపెట్టలేదు. తనే ఏ వందో చెప్పలేదు.

"మా నాన్నగారండీ," అంది. చెయ్యి చాచి వరండా వైపు చూపించింది. "ఈ సంచులు కట్టింది ఆయనే. నాన్నా, లోపలికి రా."

"నేనెందుకమ్మా..."

"రా నాన్నా. పిల్లలకి నువ్వే చూపించాలి."

బుచ్చయ్య లుంగీ కిందికి దించుకుని, తలపాగా తీసి భుజాన వేసుకుని, గడప దాటాడు. ఆయన బళ్లో గది లోపలికి రావడం అదే మొదలు. నాగమణి బోర్డుకి ఒక పక్క 'తోట వంద' అని, ఇంకో పక్క 'బడి వంద' అని రాసింది.

"తోట వంద ఎలా లెక్కపెడతారో చూపించు."

ఆయన చేతులు కదిలాయి. "లాభం... రెండు... మూడు..." టెంకలు నాలుగేసి ఎగిరి పడుతుంటే పిల్లలు కూడా అందుకున్నారు. పాతిక దగ్గర ఆగి, ఇంకో పుంజీ తీసి కుప్ప మీద వేశాడు. "ఇదీ కొసరు."

"కొసరెందుకు?" ఈసారి అడిగింది ప్రమీలారాణిగారు.

"అమ్మగారూ, వంద కాయలు ఊరు దాటి పోయేసరికి ఒకటి నలుగుద్ది, ఒకటి కుళ్లుద్ది, ఒకటి బండివాడు తింటాడు. నాలుగోది కొన్నవాళ్లింట్లో పాపకి. అదేం మిగులు కాదండీ, ఎవరిది వాళ్లకే."

నాగమణి పిల్లల వైపు తిరిగింది. "నాన్నగారు పది తోట వందలు కట్టారు. మరి ఇక్కడ మొత్తం ఎన్ని టెంకలున్నాయి?"

పిల్లలు లెక్కలో పడ్డారు. వేళ్లు మడుస్తున్నారు, పెదాలు కదుపుతున్నారు. రేడియో అక్కయ్యయితే ఈపాటికి మూడుసార్లు శభాష్ అనేసుండేది. నాగమణి ఆగింది. ఎంతసేపైనా ఆగుదామనే ఆగింది.

"వెయ్యిన్నీ... నలభై!" అంది లేయా.

"ఎలా?"

"పది కొసర్లు టీచర్. ఒక్కొక్క దాంట్లో నాలుగు."

"మరి మనకి బడి వెయ్యి కావాలంటే?"

చెప్పడమెందుకని పిల్లలు సంచుల మీద పడ్డారు. ఒక్కో సంచిలోంచి నాలుగేసి తీసి మధ్యలో పోశారు. నలభై టెంకల కుప్ప. దాన్ని నాలుగు పదుల కింద ఒకడు పేర్చాడు, పది పుంజీల కింద ఇంకొకతె పేర్చింది. రెండూ ఒకటేనా కాదా అని ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. ఆ దెబ్బలాట తీరేలోపు బడి గంట కొట్టేశారు. ఒక్క పిల్లా లేవలేదు. ఒంటిపూట బళ్లో గంట కొట్టాక పిల్లలు లేవకపోవడం నా ఎరుకలో అదొక్కసారే.

ఆ ఉత్సాహంలో యలమంద మాస్టారు ఊరుకోవచ్చుగా! "మేడమ్‌గారూ, ఇదేం చూశారు! మా బుచ్చయ్య చెట్టు చూసి కాయలెన్నో చెప్పేస్తాడు. ఒక్క కాయ తేడా రాదు," అన్నాడు.

"అలాగా?" అన్నారు ప్రమీలారాణిగారు. బడి ఆవరణలో ఒక పొట్టి కలెక్టరు మామిడి చెట్టుంది. "దానికెన్ని?"

బుచ్చయ్య తలపాగా చుట్టుకుని, వెనక్కి తోసి, ఒక్కసారి పైకి చూశాడు. "నూట ఇరవయ్యండి."

"పిల్లలూ, లెక్కపెట్టండి," అన్నారు ఆవిడ. ఎంత మాటన్నారండీ! ముప్పై ఏళ్లలో ఎవరికీ తోచని మాట. నలుగురు నాలుగు వైపులా నిలబడ్డారు, లేయా కొమ్మెక్కింది, చూసిన కాయకల్లా సుద్దతో గుర్తు పెట్టింది. ఎనభై మూడు.

"చిలకలు తినుంటాయి," అన్నాడు బుచ్చయ్య.

"ఇప్పుడా? మేమిక్కడ నిలబడ్డాకా?"

బుచ్చయ్య తల గోక్కుని పకపకా నవ్వేశాడు. "ముప్పై ఏళ్లుగా చెబుతున్నానమ్మగారూ. కోత నాటికి తగ్గితే చిలకలన్నాను, పెరిగితే దేవుడి దయన్నాను. కాయ దింపకముందు లెక్కపెట్టినోళ్లు ఈ పిల్లలే!"

మొదట్లో నేనొక పూచీ పడ్డాను, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పూచీ ఇక్కడితో రద్దు.

అందరూ నవ్వుకున్నాక ప్రమీలారాణిగారు రికార్డు తెమ్మన్నారు. నాగమణి అప్పటికే ఆఖరి వరస రాసేసి ఉంచింది. 'టెంకలు' అన్నదాని కింద, గడి పైనున్న 'వస్తువు' అన్న మాట కొట్టేసి, 'బుచ్చయ్య, మా నాన్న' అని రాసింది. ఎక్కడ దొరికింది అన్నచోట 'మా ఇంట్లో' అని రాసింది. ఖర్చు, సున్నా.

ఆవిడ చదివి తలెత్తారు. "ఇవాళ తోట పనికి వెళ్లారా మీరు?"

"లేదండీ. సంచులు మొయ్యాలి కదండీ."

ఎర్ర పెన్ను దిగింది. సున్నా కొట్టేసి, 'ఒక రోజు కూలీ' అని రాశారు.

బుచ్చయ్యకి ఎక్కడలేని రోషం వచ్చింది. "అదేంటండీ! కూతురి పనికి కూలీ ఏంటండీ! సున్నానే ఉంచండి. పైగా మీరు పది మార్కులు కోస్తారంటగా!"

"కొన్నదానికి కోస్తానన్నాను బుచ్చయ్యగారూ. మిమ్మల్ని కొనలేదు కదా."

అప్పటిదాకా బుచ్చయ్యని ఎవరూ గారూ అనలేదు. ఆయన వరండాలో పెట్టిన కావిడి బద్ద ఎత్తుకుని, ఎందుకో దింపి, మళ్లీ ఎత్తుకున్నాడు. నాగమణి వచ్చి ఆ బద్దకి రెండో కొస పట్టుకుంది. తండ్రీ కూతుళ్లిద్దరూ ఊరి మధ్య నుంచి, అందరూ చూసేట్టు, ఖాళీ కావిడి మోసుకుంటూ ఇంటికెళ్లారు. సంచులు బళ్లోనే ఉండిపోయాయి. మరుసటి వారం వీరయ్య సైకిలు మీద మార్కుల కాగితం తెచ్చాడు. వందకి తొంభై ఆరు. ఆ ఏడు కోతలు ముగిసేదాకా బుచ్చయ్య ఏ చెట్టు కిందికెళ్లినా, "మొన్న బళ్లో పాఠం చెప్పినప్పుడు..." అనే మొదలెట్టేవాడు.

ఇంతా విన్నారు కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. టెంకలు నిజం, స్తంభం నిజం, నాయనమ్మ ఏదని లేయా అడగడం అక్షరాలా నిజం. తొంభై ఆరు మాత్రం నిజం కాదు. ప్రమీలారాణిగారు వేసింది తొంభై రెండే. ఆ పైన పుంజీ నేను వేసిన కొసరు.